రెండు రకాల సరీసృపాలను ఒకే ట్యాంక్‌లో పెంచొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్న హైదరాబాద్ నుంచీ వస్తుంది, డాలస్ నుంచీ వస్తుంది. అక్కడ బియర్డెడ్ డ్రాగన్ అనే పెద్ద బల్లి పక్కన లెపర్డ్ గెక్కో అనే చిన్న బల్లిని పెట్టాలని పిల్లలు మారాం చేస్తుంటారు, ఇక్కడ స్లైడర్ తాబేలు పక్కన ఇంకేదో తాబేలు పెడదామని పెద్దవాళ్లే అడుగుతారు. విడివిడిగా జవాబులు రాసీ రాసీ విసుగొచ్చి అన్నీ ఒకచోట పెట్టాను.

ఒక్క ముక్కలో చెప్పన్నా, పెట్టొచ్చా పెట్టకూడదా?

పెట్టకూడదు. మూడు నాలుగు అడుగుల ఇంటి ట్యాంక్ గురించి అడుగుతుంటే జవాబు ఇంతే, ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు. ఒక గదినే ఎన్‌క్లోజర్‌గా మార్చగల స్తోమత ఉన్నవాళ్ల సంగతి వేరు, అది కింద చెప్పాను.

పెట్ షాపులో ఒకే ట్యాంక్‌లో నాలుగు రకాలు చూశాను, హాయిగా ఉన్నాయి. మరి వాళ్లెలా పెడుతున్నారు?

షాపులో జంతువు ఉండేది కొన్ని రోజులో కొన్ని వారాలో. మీ ఇంట్లో ఉండాల్సింది పదేళ్లు, పదిహేనేళ్లు, తాబేలైతే మీ పిల్లలకి పెళ్లిళ్లయ్యే దాకా. పైగా ఆ షాపు ట్యాంక్‌లో ఉన్నవి ఎక్కువగా పిల్లలు, వాటికింకా పెద్దవాటి బుద్ధులు రాలేదు. షాపువాడు చోటు కలిసొస్తుందని అలా పెడతాడు, దాన్ని చూసి మనం సలహా తీసుకోకూడదు. నన్నడిగితే, అలా కలిపి పెట్టిన షాపులో కొనకపోవడమే మంచిది, ఎందుకంటే ఒకదానికి ఉన్న జబ్బు మిగతా మూడింటికీ ఈపాటికి అంటుకుని ఉండొచ్చు.

బియర్డెడ్ డ్రాగన్, లెపర్డ్ గెక్కో రెండూ ఎడారివే కదా, రెండూ పురుగులు తింటాయి కదా. ఇక ఇబ్బందేముంది?

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

బియర్డెడ్ డ్రాగన్‌ది ఆస్ట్రేలియా నడిమి పొడి ప్రాంతం. పొద్దెక్కగానే ఏ మోడు మీదకో కంచె గుంజ మీదకో ఎక్కి ఒళ్లు పరిచి ఎండ కాచుకుంటుంది. దాని బాస్కింగ్ స్పాట్ (ఎండ కాచుకునే చోటు) దగ్గర రాయి 40 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి, యూవీ ఇండెక్స్, అంటే అతినీలలోహిత కిరణాల తీవ్రత, 4 నుంచి 6 మధ్య ఉండాలి. లెపర్డ్ గెక్కోది అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాళ్ల గుట్టలు. పగలంతా రాతి సందులో దూరి ఉండి, మునిమాపు వేళకి బయటికొస్తుంది. వేడి వైపు నేల 32 నుంచి 34 డిగ్రీలుంటే దానికి చాలు, యూవీ ఇండెక్స్ 1కి అటూ ఇటూగా ఉంటే సరి. కుబుసం సరిగ్గా ఊడాలంటే లోపల తడిగా ఉండే ఒక హైడ్ (దాక్కునే గూడు) కూడా కావాలి.

"సరే, వేడి మూల డ్రాగన్‌కి, చల్లటి మూల గెక్కోకి" అంటారు. కాగితం మీద లెక్క భలే కుదురుతుంది. కానీ సరీసృపాలు మనలా లోపలినుంచి ఒళ్లు వెచ్చగా ఉంచుకోలేవు, రోజంతా వేడికీ చల్లకీ మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఒంటి ఉష్ణోగ్రత సర్దుకుంటాయి. ఎండ కాచుకున్న డ్రాగన్ దిగి వెళ్లాల్సింది ఆ చల్లటి మూలకే, తిన్నది అరగడానికి గెక్కో వచ్చి పడుకోవాల్సింది వేడి వైపుకే. అంటే ప్రతి జంతువుకీ ట్యాంక్ మొత్తం కావాలి. సగం సగం పంచితే రెండూ సగం సగమే బతుకుతాయి.

తిండి సంగతి కూడా పైకి కనిపించినంత ఒకటి కాదు. ఎదిగిన డ్రాగన్ ఎక్కువగా ఆకుకూరలే తింటుంది, పురుగులు తక్కువ. గెక్కో జన్మలో ఆకు ముట్టదు. కాల్షియం పొడి, డీ3 విటమిన్ ఎంత, ఎన్నిసార్లు అనేది కూడా ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటుంది. కలిపి పెడితే ఏది ఎంత తిందో మీకు తెలియదు. ఇక సైజు చూడండి: డ్రాగన్ తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్లు పెరుగుతుంది, గెక్కో 20, 25 దగ్గర ఆగిపోతుంది. నోట్లో పట్టే బల్లి ఏదైనా డ్రాగన్‌కి తిండే. దానికి మీ గెక్కో పేరు, అది మీకెంత ముద్దో తెలియదు.

కానీ అవి కొట్టుకోవడం లేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటున్నాయి, ఫొటో కూడా తీశాను. స్నేహమే కదా?

ఆ ఫొటోని మళ్లీ ఒకసారి చూడండి. పైనున్నది ఎక్కడ ఉంది? సరిగ్గా దీపం కింద. రెక్కలు విప్పినట్టు పక్కటెముకలు వెడల్పు చేసుకుని వెలుగంతా తనే తీసుకుంటోంది. కిందది కళ్లు మూసుకుని బల్లపరుపుగా ఉంది, వేడీ యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు) రెండూ దానిదాకా రావడం లేదు. వీటికి ముద్దులాడుకోవడం తెలియదు, ఉన్న ఒక్క మంచి చోటు కోసం బలమైనది ఎక్కి కూర్చుంది, అంతే.

సరీసృపాల గొడవలు చాలామటుకు చప్పుడు లేకుండా జరుగుతాయి. ఒకటి వేడి రాయి దగ్గర బైఠాయిస్తుంది, రెండోది అటు రావడమే మానేస్తుంది. కొరుక్కోవు, తరుముకోవు, మీరు చూస్తున్నంతసేపూ ఏమీ జరగదు. నెల తిరిగేసరికి రెండోదాని బరువు తగ్గి ఉంటుంది. అందుకే కంటితో చూసి తేల్చుకోవద్దు, వంటింటి డిజిటల్ తూకం ఒకటి దీనికోసమే విడిగా కొని వారానికోసారి తూచి రాసుకోండి. గెక్కో అయితే తోక చూడండి: ఆరోగ్యంగా ఉన్నదాని తోక మొదట్లో మెడంత లావుంటుంది, కొవ్వంతా అక్కడే దాస్తుంది కాబట్టి. ఆ తోక సన్నబడి, వెన్నుపూసలు లెక్కపెట్టేలా కనిపిస్తుంటే అది ఎప్పటినుంచో కష్టాల్లో ఉన్నట్టే.

ఇంకా గమనించాల్సినవి: డ్రాగన్ గడ్డం నల్లబడటం, ముందు కాలు ఎత్తి గుండ్రంగా ఊపుతుండటం (ఎదుటివాడు చెయ్యి ఊపుతున్నాడని మురిసిపోకండి, "నేను లొంగిపోయాను, వదిలెయ్" అని దానర్థం), పగలంతా హైడ్‌లోంచి రాకపోవడం, అద్దాన్ని గీరుతూ ఉండటం.

అడవిలో అన్నీ కలిసే ఉంటాయి కదా?

ఉంటాయి, కానీ అక్కడ పారిపోవడానికి దారి ఉంటుంది. అమెరికా ఆగ్నేయంలో గోఫర్ టార్టాయిస్ అనే నేల తాబేలు తవ్వే కలుగు సగటున 15 అడుగుల పొడవుంటుంది, 350కి పైగా జాతుల జీవులు ఆ కలుగుల్ని వాడుకుంటాయని లెక్క. వాటిలో ఈస్టర్న్ ఇండిగో స్నేక్ ఒకటి. చలికాలం ఆ కలుగులోనే తలదాచుకునే ఈ పాము, దొరికితే అదే తాబేలు పిల్లల్ని మింగేస్తుంది కూడా. అడవిలో కలిసి ఉండటమంటే ఇది.

ఇంకో ఉదాహరణ నాకు చాలా ఇష్టం. ఫ్లోరిడాలో మొదటినుంచీ ఉన్నది ఆకుపచ్చ ఎనోల్ బల్లి, క్యూబా వైపు నుంచి వచ్చి చేరింది గోధుమరంగు ఎనోల్. 1995లో పరిశోధకులు కొన్ని చిన్న దీవుల్లో గోధుమరంగు ఎనోల్స్‌ని వదిలి చూశారు. ఆకుపచ్చవి కింది కొమ్మలు వదిలేసి చెట్ల పైకి వెళ్లిపోయాయి. 15 ఏళ్లలో, అంటే వాటి లెక్కలో 20 తరాల్లో, పై కొమ్మల్ని పట్టుకోవడానికి వీలుగా కాలివేళ్ల పట్టీలు కూడా పెద్దవయ్యాయి. దగ్గరి చుట్టాల్లాంటి రెండు జాతులు ఒకచోట పడితే ఒకటి తప్పుకోవాల్సి వస్తుంది, అక్కడ చెట్టుంది కాబట్టి పైకి పోయింది. మీ ట్యాంక్ ఎత్తు రెండడుగులు.

జబ్బుల గురించి అందరూ భయపెడతారు. నిజంగా అంతుందా?

నిజంగా ఉంది, నాకైతే పోట్లాటల కన్నా దీని గురించే ఎక్కువ టెన్షన్. ఎందుకంటే కొరుక్కుంటే కనిపిస్తుంది, ఇది కనిపించదు.

ఎంటమీబా ఇన్వాడెన్స్ అని ఒక సూక్ష్మజీవి ఉంది. చాలా తాబేళ్ల పేగుల్లో, మొసళ్ల పేగుల్లో అది ఏ హానీ చెయ్యకుండా కాపురముంటుంది. అదే జీవి పాము ఒంట్లోకో బల్లి ఒంట్లోకో చేరితే పేగుల్నీ కాలేయాన్నీ పుండ్లు చేసి చంపేస్తుంది. తాబేలుకి ఏ లక్షణమూ ఉండదు కాబట్టి మీకు అనుమానమే రాదు. తాబేలు రెట్ట నీళ్లలో కలిస్తే, ఆ నీళ్లు పాము తాగితే చాలు. ట్యాంకులు వేరైనా ఒకే పటకారు, ఒకే బకెట్ వాడితే అంటుకునే వీలుంది, ఈగలూ బొద్దింకలూ కూడా మోసుకెళ్లగలవు. మన ఇళ్లలో బొద్దింకల సంగతి చెప్పేదేముంది.

కొండచిలువల్లో (పైథాన్లలో), బోవా అనే పాముల్లో వచ్చే ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ కూడా ఇలాంటిదే. బోవా ఆ వైరస్‌ని మోస్తూ ఏళ్ల తరబడి మామూలుగా కనిపించగలదు, పైథాన్‌కి సోకితే నరాల మీద దెబ్బకొట్టి తల తిప్పడం, వెల్లకిలా పడిపోవడం వంటి లక్షణాలతో త్వరగా ప్రాణం మీదకి తెస్తుంది. లెపర్డ్ గెక్కోల్లో క్రిప్టోస్పోరీడియం అనే పరాన్నజీవి సోకితే తిన్నది ఒంటపట్టదు, తోక పుల్లలా అయిపోతుంది, నమ్మకంగా తగ్గించే మందు లేదు. ఇంట్లో వాడే బ్లీచింగ్‌తో అది చావదు కూడా.

ఒక జాతిలో పుట్టి పెరిగిన సూక్ష్మజీవికి ఆ జాతి శరీరం ఎంతో కొంత అలవాటు పడి ఉంటుంది, కొత్త జాతికి ఆ అలవాటు ఉండదు, మొత్తం కథ ఇదే.

మూడు నెలలు క్వారంటైన్ చేశాను, పేడ పరీక్ష కూడా చేయించాను, రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఇప్పుడైనా?

మంచి పని చేశారు, చాలామంది ఆ మాత్రం కూడా చెయ్యరు. 90 రోజులు, వేరే గదిలో, వేరే గిన్నెలతో, పాత జంతువు పని ముగించాకే కొత్తదాని పని, ఇదీ పద్ధతి. కానీ ఒక్క పరీక్షలో దొరకలేదంటే లేనట్టు కాదు, సూక్ష్మజీవులు ప్రతిరోజూ రెట్టలో బయటికి రావు. పైగా వేడీ వెలుతురూ తిండీ సైజూ అన్న మొదటి గొడవ క్వారంటైన్‌తో తీరదు.

నీటి తాబేళ్లు? స్లైడర్‌తో ఇంకోటి పెట్టొచ్చా?

మన ఊళ్లలో అక్వేరియం షాపుల్లో అరచేతిలో పట్టే ఆకుపచ్చ పిల్లలు, చెంప మీద ఎర్ర చార, అదే రెడ్ ఇయర్డ్ స్లైడర్. ఆడది 25 నుంచి 30 సెంటీమీటర్లు పెరుగుతుందని అమ్మేవాళ్లు చెప్పరు. చిప్ప పొడవు ప్రతి రెండున్నర సెంటీమీటర్లకీ 38 లీటర్ల నీళ్లు అని పెంపకందార్లు వేసే లెక్క, కాబట్టి ఒక్క పెద్ద ఆడ స్లైడర్‌కే నీళ్ల డ్రమ్ము రెండు మూడు ఖాళీ చేసేంత తొట్టి కావాలి. ఇక రెండోదాన్ని ఎక్కడ పెడతారు?

పెట్టినవాళ్ల తొట్టిలో మామూలుగా జరిగేది ఇది: స్లైడర్ ఎదురుగా వచ్చి ముందు గోళ్లు మొహం మీద గబగబా ఆడిస్తుంది, రెండోది తప్పుకుంటుంది, మళ్లీ వెంటపడుతుంది. ఎక్కి ఆరడానికి పెట్టిన చెక్క ఒక్కటే అయితే చిన్నదాన్ని తోసేస్తుంది. ఆరడానికి చోటు దొరకని తాబేలు చిప్ప మెత్తబడి కుళ్లుతుంది. తోక చివరా వెనక కాళ్ల వేళ్లూ కొరికినట్టుంటే ఆ రోజే విడదియ్యండి. మస్క్ టర్టిల్ లాంటివి అడుగున నడుస్తాయి, స్లైడర్ పైన ఈదుతుంది, ఒకదానికొకటి అడ్డం రావని కొందరంటారు. బాగా పెద్ద చెరువులో అది కొంతవరకు నిజం, గాజు తొట్టిలో కాదు.

నేల తాబేలుని నీటి తాబేలుతో?

వద్దు. నేల తాబేలు ఈదలేదు, మునిగిపోతుంది. స్లైడర్ మేత నేల తాబేలుకి పడదు, ప్రొటీన్ ఎక్కువ.

ఫార్మ్‌హౌస్‌లో సుల్కాటా అనే నేల తాబేలు ఉంది. ఎవరో నక్షత్ర తాబేలు ఇస్తామన్నారు. రెండూ గడ్డి తినేవే కదా, తోటలో వదిలెయ్యొచ్చా?

ముందు చట్టం. నక్షత్ర తాబేలు మనదే, రాయలసీమ పొదల్లో తిరిగే జీవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టుకోవడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే. 2019లో అంతర్జాతీయ వ్యాపారం కూడా పూర్తిగా నిషేధించే సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) మొదటి అనుబంధంలోకి చేర్చారు. అదృష్టం కలిసొస్తుందని ఎవరు చెప్పినా వినకండి. ఉడుము, ఊసరవెల్లి, కొండచిలువ, మన చెరువుల్లో తాబేళ్లు, ఏ నాగుపాము, జెర్రిపోతు అయినా ఇదే మాట.

ఆఫ్రికా నుంచి వచ్చిన సుల్కాటా విదేశీ జాతి. సైటిస్ జాబితాలో ఉన్న ఇలాంటి జంతువులు ఉన్నవాళ్లు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, కొత్తగా తెచ్చుకుంటే 30 రోజుల్లోపు.

చట్టం పక్కన పెట్టినా కుదరదు. సుల్కాటా 40, 50 కిలోలకి పెరుగుతుంది, గొంతు కింది చిప్ప ముక్కని పారలా పెట్టి ఢీకొట్టి తిరగేస్తుంది. అరచేతికి కాస్త పెద్దగా ఉండే నక్షత్ర తాబేలు వెల్లకిలా పడి ఎండలో ఉండిపోతే గంటల్లో పోతుంది. ఒక జాతి నేల తాబేళ్ల శ్వాస జబ్బులూ హెర్పిస్ వైరస్‌లూ ఇంకో జాతికి ప్రాణాంతకం కావడం కూడా తెలిసిందే.

పాములు?

ఇది వినడానికే సరదాగా ఉంది. పాములు తినే పాములు ఎన్నో, మన కట్లపాము, రాచనాగు, అమెరికాలో కింగ్ స్నేక్. బాల్ పైథాన్, కార్న్ స్నేక్ లాంటి సాధువులైనా సరే, ఒకే ఎలుకని ఇద్దరూ చెరో వైపు పట్టుకుంటే ఎవరో ఒకరు వదలాలి, వదలకపోతే పెద్దది ఎలుకతో పాటు చిన్నదాన్ని కూడా మింగుకుంటూ పోతుంది. ఒక్కో పాముకి ఒక్కో పెట్టె.

గెక్కోతో కప్పలు?

వద్దు. చాలా కప్పల చర్మంలో విషాలుంటాయి, గెక్కో నోట్లో వేసుకుంటే కష్టం. పెద్ద కప్పైతే గెక్కోనే మింగుతుంది.

జూలలో ఘరియల్ మొసళ్లతో తాబేళ్లని చూశాను. వాళ్లకి కుదిరింది మనకెందుకు కుదరదు?

ఘరియల్ మూతి సన్నగా పొడుగ్గా ఉండేది చేపలు పట్టడానికి, తాబేలు చిప్ప పగలగొట్టడానికి అది పనికిరాదు. అంటే జతని ఎంచుకోవడంలోనే సగం పని అయిపోయింది. మిగతా సగం వేల లీటర్ల నీళ్లు, ఒక్కోదానికి వెనకాల విడి గది, రోజూ ఎవరేం తిన్నారో రాసుకునే కీపర్లు, పిలిస్తే వచ్చే వెట్. ఇన్ని ఉండి కూడా కొన్నిసార్లు కుదరక విడదీస్తారు, ఆ సంగతి బోర్డు మీద రాయరు.

ఇవన్నీ మీకు కుదిరితే, ఒకే ప్రాంతం నుంచి వచ్చినవి, సైజులో దగ్గరగా ఉన్నవి, ఒకటి చెట్టు మీదా ఒకటి నేల మీదా ఉండేవి, ఒకదాన్నొకటి తినలేనివి ఎంచుకోవాలి. దీపాలూ హైడ్‌లూ గిన్నెలూ ప్రతిదీ జంతువుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి. వాటిని ఆ రోజే విడదీయడానికి అన్నీ అమర్చిన ఖాళీ ట్యాంకులు సిద్ధంగా ఉండాలి. ఈ చివరిది విన్నాక చాలామంది "మరి ఆ ట్యాంకుల్లోనే పెంచుకోవచ్చు కదా" అంటారు. అవును.

ఇంట్లో జాగా లేదు, రెండు ట్యాంకులు ఎక్కడ పెట్టను?

ఒకదాని మీద ఒకటి. కార్పెంటర్‌తో ప్లైవుడ్ పెట్టెలు చేయించి ముందువైపు జరిపే గాజు తలుపులు పెట్టించండి, కింద డ్రాగన్‌కి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు, పైన గెక్కోకి మూడడుగులది. గాలాడటానికి పక్కలకి జాలీ, దీపానికి థర్మోస్టాట్. యూవీబీ ట్యూబ్ పెట్టె లోపలే ఉండాలి, మామూలు గాజు దాటి యూవీబీ రాదు. కిటికీ పక్కన పెట్టాను కదా అనుకునేవాళ్లు ఇది ఇంకోసారి చదవండి. ఒకే ట్యాంక్ మధ్యలో అద్దం అడ్డం పెట్టడం మాత్రం వద్దు, రోజంతా ఎదురెదురుగా చూసుకుంటూ బెదిరిపోతాయి.

ఒకే జాతివి రెండైతే?

మగ డ్రాగన్లు రెండు, మగ గెక్కోలు రెండు అస్సలు వద్దు. ఆడా మగా పెడితే మగది ఆడదాన్ని తెరిపి లేకుండా వేధిస్తుంది, గుడ్ల మీద గుడ్లు పెట్టి దాని ఒంట్లో కాల్షియం అయిపోతుంది. ఇవి ఒంటరిగా ఉంటే దిగులుపడతాయని మనం అనుకుంటాం, వాటికి ఆ బెంగ లేదు.

ఇప్పటికే కలిపి పెట్టేశాను. ఇప్పుడేం చెయ్యాలి?

ఈ రోజే విడదియ్యండి, కొత్త ట్యాంక్ వచ్చేదాకా ఆగొద్దు. గాలి రంధ్రాలున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా, కింద పేపర్ టవల్, ఒక హైడ్, నీళ్ల గిన్నె, సరైన వేడి ఉంటే కొన్ని రోజులకి చాలు. చిన్నదాన్ని కదపడం కన్నా పెత్తనం చేస్తున్నదాన్ని తీసేస్తే, భయపడినది ఉన్నచోటే కోలుకుంటుంది. రెండింటినీ తూచి రాయండి, తాజా రెట్ట రెండు విడి డబ్బాల్లో పట్టుకుని సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి వెళ్లండి, కుక్కల డాక్టర్లందరికీ వీటి గురించి తెలియకపోవచ్చు, ముందే ఫోన్ చేసి అడగండి. గిన్నెలూ పటకార్లూ వంటింటి సింక్‌లో కడగొద్దు, పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, సాల్మొనెల్లా అనే బాక్టీరియా పైకి ఆరోగ్యంగా కనిపించే వాటి దగ్గరా ఉంటుంది. అమెరికాలో 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని 1975లో ఆపింది చిన్నపిల్లలకి ఇలా అంటుకున్నందుకే.

రెండూ ఉంచుకోలేను. గుడి కోనేట్లోనో చెరువులోనో వదిలెయ్యనా?

వదలొద్దు. పుణ్యమనుకుని స్లైడర్లని కోనేట్లో వదిలేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 దురాక్రమణ జాతుల జాబితాలో స్లైడర్ ఉంది, మన తాబేళ్ల తిండీ ఎండ కాచుకునే చోటూ లాక్కుంటుంది, ఇంట్లో పట్టిన జబ్బుల్ని చెరువంతటికీ పంచుతుంది. బియర్డెడ్ డ్రాగన్‌ని తోటలో వదిలితే మొదటి వర్షాకాలమే గండం. విదేశీ జాతైతే, ట్యాంక్‌తో సహా తీసుకునే అనుభవమున్న పెంపకందారుని వెతకండి, నమోదు కాగితాలుంటే వాటిని కూడా మార్పించండి. మన జాతైతే అటవీ శాఖకి ఫోన్ చేసి అప్పగించండి.